నాకిష్టమైన మేళాలు

"మా అబ్బాయి గదిలోంచి రాత్రి పదకొండు దాటినా ధనధనా చప్పుడే. అదేమిట్రా అంటే రాక్ అంటాడు. ఫలానా బ్యాండు పాట వినకపోతే నిద్ర పట్టదంటాడు. ఇంజనీరింగు చదివే పిల్లవాడికి ఇదేం పిచ్చండీ?" అని సత్తెనపల్లి నుంచి ఒక సోదరి రాశారు. చివర్న "మీకిది నవ్వులాటగా ఉంటుందేమో, నాకు మాత్రం బెంగగా ఉంది" అని కూడా చేర్చారు.

నాకు నవ్వులాటగా ఏం లేదు. అలాగని బెంగ పడాల్సిన పనీ కనిపించడం లేదు. ఆ పిచ్చి నాకూ ఉంది. బహుశా మీకూ ఉండే ఉంటుంది, కాస్త గుర్తు చేసుకోండి. కాకపోతే మనం దాన్ని బ్యాండు అనలేదు, మేళం అన్నాం.

ముందు ఆ రాక్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. అది 1950లలో అమెరికాలో మొదలైంది. నల్లవారి బ్లూస్ పాటలూ, అక్కడి పల్లె పాటలూ కలిసి, చేతికి కరెంటు గిటారు వచ్చాక ఆ రూపం కట్టింది. ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్టణం నుంచి బయల్దేరిన నలుగురు కుర్రాళ్ళు, బీటిల్స్ అనేవాళ్ళు, 1960 నుంచి 1970 దాకా గట్టిగా పదేళ్ళే కలిసి ఉన్నారు. ఆ పదేళ్ళకే ప్రపంచం వెర్రెత్తిపోయింది. వాళ్ళలో జార్జ్ హారిసన్ మన పండిట్ రవిశంకర్ దగ్గర సితారు నేర్చుకున్నాడు. 1968లో నలుగురూ ఋషీకేశ్ వచ్చి మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్నారు. 1971 ఆగస్టు 1న హారిసనూ రవిశంకరూ కలిసి బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం న్యూయార్కులో కచేరీ చేశారు. మా మనవడికి వీళ్ళ తర్వాత వచ్చిన క్వీన్ అనే బ్యాండంటే ప్రాణం. దాని ముందు పాటగాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీల బిడ్డ అనీ, మన మహారాష్ట్రలోని పంచ్‌గనీలో బడికి వెళ్ళాడనీ నేను చెప్తే, "నీకెలా తెలుసు నానమ్మా?" అని వాడు నోరు తెరిచాడు. వారపత్రికలు ఊరికే చదువుతున్నామా!

వాడే నాకొక లెక్క చెప్పాడు. బ్యాండు అన్నాక ముందు నిలబడి గొంతెత్తేవాడొకడు, తాళం పట్టేవాడొకడు, వెనక మంద్రంగా ఆధారం పట్టేవాడొకడు ఉండాలట. ఎవరికి వారు గొప్ప కావడం కాదట, అంతా కలిస్తే ఒక్క మనిషి ఊపిరిలా వినపడాలట. "ఒరేయ్, నువ్వు చెప్పేది సన్నాయి మేళం గురించిరా" అన్నాను.

కాదంటారా? రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, ఒక శ్రుతి, ఒక తాళం. మేళమంటే ఇది. ఇప్పుడు శ్రుతిపెట్టె మోస్తున్నారు గానీ, పూర్వం శ్రుతి కోసం ఒత్తు అని ఇంకో ఊదుడు గొట్టం ఉండేది. దాన్ని పట్టిన మనిషికి పాట లేదు, గమకం లేదు, చప్పట్లు లేవు. బుగ్గల్లో గాలి నింపుకుని ఆ ఒక్క స్వరమే తెగకుండా గంటల తరబడి పట్టాలి. ఇంటిల్లిపాదికీ వంట చేసే మనకు అతని పని తేలిగ్గానే అర్థమవుతుంది. ఆగిపోతే తప్ప అలా ఒకటి మోగుతోందని ఎవరికీ తెలియదు. ఇక డోలు సంగతి. ఒక వైపు పుల్లతో వాయిస్తారు, రెండో వైపు వేళ్ళతో. ఆ వేళ్ళకు తెల్లగా గట్టిగా తొడుగులుంటాయి, చూసే ఉంటారు. అవి గుడ్డ పేలికలను అన్నం గంజి లాంటి జిగురుతో చుట్టి చుట్టి ఆరబెట్టినవి. చిన్నప్పుడు నేను వాటిని వెండివి అనుకునేదాన్ని. సన్నాయి మూతికి వేలాడే నాలుగైదు పీకలు ఎందుకో కూడా అప్పట్లో తెలీదు. రెల్లుతో చేసిన ఆ పీక తడికీ ఎండకూ మాట వినదు. ఒకటి మొరాయిస్తే ఇంకోటి పెట్టుకోవాలి. అందుకని అన్ని.

నాకీ మేళం ఎందుకంత ప్రాణమో చెప్పాలంటే మా అక్క పెళ్ళి సంగతి చెప్పాలి. బీటిల్స్ ఋషీకేశ్ వచ్చారన్నానే, ఆ 1968లోనే, వైశాఖంలో. మిరపకాయ అమ్ముడుపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రోజులు. మా నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. అమ్మకు ముప్పై ఆరు దాటలేదు. కన్యాదానం మా పెదనాన్న, పెద్దమ్మ చేశారు. అమ్మ పెరటివైపు సామాన్ల గదిలో ఉండిపోయింది. లోపలికి వెళ్ళమని ఎవరూ అనలేదు. బయటికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఆ రోజుల్లో అది నోరు విప్పి చెప్పక్కర్లేని సంగతి.

నాకు పదేళ్ళు. కొత్త పరికిణీ చూపిద్దామని గదిలోకి పరుగెత్తాను. అమ్మ బియ్యం బస్తాకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. "ఉండవే, ఇప్పుడు అక్కను బుట్టలో తీసుకొస్తున్నారు" అంది. "నీకెట్లా తెలుసమ్మా?" అంటే "మేళం చెప్తోందిగా" అంది. నిజమే. పిల్లను తెచ్చేటప్పుడు ఒక తీరు, తెర పట్టినప్పుడు ఒక తీరు. మధ్యలో పురోహితుడి మంత్రం పెద్దదైతే సన్నాయి మెత్తగా అడుగున పాకుతూ ఉంటుంది. అమ్మకు అన్నీ తెలుసు. కాసేపటికి "భజంత్రీలు, భజంత్రీలు" అని కేకలు వినపడ్డాయి. గట్టిమేళం మోగింది. గట్టిమేళం అంటే రాగం కాదు, తాళం కాదు, ఉన్నంత ఊపిరీ ఉన్నంత బలమూ ఒక్కసారి వదలడం. ఆ క్షణంలో తుమ్ము గానీ, అశుభం మాట గానీ చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. అమ్మ ఒళ్ళో గుప్పెడు అక్షింతలున్నాయి. ఎప్పుడు తెచ్చుకుందో, ఎవరిచ్చారో తెలీదు. రెండు చేతులా తీసుకుని తలుపు వైపు వేసింది. తలుపు మూసే ఉంది.

ఆ సాయంత్రం సన్నాయి సాయిబు గారు పెరటి అరుగు మీద కూర్చుని పీకలు తుడుచుకుంటూ, "అమ్మా, పొద్దున గట్టిమేళం లోపలిదాకా వినపడిందా?" అని అడిగారు. "వినపడింది సాయిబు గారూ" అంది అమ్మ. అంతే మాట్లాడుకున్నారు.

సాయిబు గారు అన్నాను గదా. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు అందులో వింతేమీ కనపడదు. మన పెళ్ళిళ్ళలో, మన రాముడి కల్యాణాల్లో త్యాగరాజస్వామి కీర్తనను తరతరాలుగా ఎన్నో ముస్లిం కుటుంబాలు వాయిస్తున్నాయి. వీళ్ళలో చాలామంది దూదేకులవారు. పత్తి పండే నేల కాబట్టి ఏకేవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. పరుపులు కుట్టించేటప్పుడు ఇంటి ముందుకు పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు గుర్తున్నారా? దూది మీద ఆ నారిని కొడితే టుంగ్ టుంగ్ మని మోగేది. మేం పిల్లలం చుట్టూ చేరి చిందులేసేవాళ్ళం. ఇప్పుడు ఫోము పరుపులొచ్చి ఆ నాదం ఎప్పుడో పోయింది. చేతిలో అలా నారి మోగుతుంటే చెవికి శ్రుతి పట్టుబడకుండా ఉంటుందా అని నా ఊహ. ఊహే సుమా, శాస్త్రం కాదు.

ఒంగోలు పక్కన కరవది ఊళ్ళో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారిది అలాంటి సన్నాయి కుటుంబమే. చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. అక్కడితో సరిపెట్టుకోలేదు. తంజావూరు బాణీ పట్టుకోవాలని నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. ఆ తర్వాత శ్రీరంగం చేరి అక్కడే స్థిరపడి, శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకు చెప్పారు. నాదస్వరం అంటేనే తమిళదేశం అంటారు. అలాంటిచోటికి మన కరవది నుంచి వెళ్ళి వాళ్ళ చేత విద్వాంసుడనిపించుకోవడం మాటలా? త్యాగయ్య తెలుగులో పాడిందీ కావేరి ఒడ్డునే, మన సాయిబు గారు ఊదిందీ కావేరి ఒడ్డునే. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. 1999లో కన్నుమూశారు. ఆయన రాగం అందుకుంటే తొందర ఉండదు. వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి వింటే మాడుతుంది, చెప్తున్నాను.

నా రెండో మేళం బుర్రకథ దళం. ఇందులో ముగ్గురే. నడుమ కథకుడు, భుజాన తంబురా, చేతి వేళ్ళకు అందెలు. ఇటూ అటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా మధ్యలో కరణంగారి దొంగలెక్కల దగ్గర్నుంచి కిరసనాయిలు ధర దాకా అన్నీ దొర్లిపోతాయి. మా అమరావతికి దగ్గర్లోనే తాడికొండ పక్కన పొన్నెకల్లు ఉంది. షేక్ నాజర్ గారిది ఆ ఊరు. 1920లో పుట్టారు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగారు. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయారు. తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. పింజారి అంటే దూది ఏకేవాడని మీకు తెలుసుగా. ఎవరైనా తక్కువ చేసి పిలిచే పేరునే పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో వేయించుకున్నాడు మహానుభావుడు.

బుర్రకథకు కోతలయ్యాక జనం వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళం చాపలు తెచ్చుకుని ఒక పక్కన కూర్చునేవాళ్ళం. మిరపకల్లంలో పగలంతా కాయ ఏరిన చేతులు మండుతుంటే చల్లటి మజ్జిగలో ముంచుకుని మరీ వచ్చేవాళ్ళు కూలీ తల్లులు. తెల్లవార్లూ కథ. వీరమరణం వచ్చేసరికి ఏడుపులు, వెంటనే వంతపాటగాడి వెటకారానికి నవ్వులు. మా మనవడు రాక్ గురించి ఏం చెప్పినా నాకు ఆ ముగ్గురే కళ్ళ ముందు మెదులుతారు. ముగ్గురు మనుషులు మూడువేల మందిని కూర్చోబెట్టడమంటే ఏమిటో మేం చూశాం.

ఇక్కడ మన సోదరీమణులకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. 1940లలోనే విజయవాడ వైపు ఆడవాళ్ళు ముగ్గురు బుర్రకథ దళం కట్టారు. మోటూరి ఉదయం, చింతాల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని గార్లు. సంసార స్త్రీలు భుజాన తంబురా వేసుకుని, కాలికి గజ్జె కట్టి, పదిమందిలో వేదిక ఎక్కడమంటే ఆ రోజుల్లో ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఎందుకంటే మేళం అన్న మాటే ఆడపిల్లకు తిట్టు. కాస్త గొంతెత్తి పాడితే "ఏమే, మేళం కడతావా?" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. భోగం మేళం అని అర్థం. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ విధానాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆచారం పోయింది, తిట్టు మాత్రం చాలాకాలం మిగిలింది. నాకు పాట నేర్పిస్తానన్న పంతులమ్మ గారికి మా ఇంట్లో చెప్పిన జవాబు కూడా అదే. దాని గురించి ఎక్కువ రాయను.

అందుకే 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు పద్మశ్రీ ఇచ్చారని వార్త వచ్చినప్పుడు నేను పేపరు మడిచి పక్కన పెట్టలేకపోయాను. వీళ్ళూ మన ప్రకాశం జిల్లా సన్నాయి వంశాల వాళ్ళే, చినమౌలానా గారి శిష్యులే, ఉంటున్నదీ శ్రీరంగమే. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయిస్తారు. ఆ వాద్యానికి ఎంత ఊపిరి కావాలి! ఆడదానివల్ల ఏమవుతుంది అని తీసిపారేసే వాద్యం అది. ఆవిడ చీర కొంగు భుజాన సర్దుకుని, బొట్టంత సైగ కూడా లేకుండా భర్తతో కలిసి ఒకేసారి పల్లవి ఎత్తుకుంటారు. మా కోడలు టీవీలో ఆ కచేరీ పెడితే పని అంతా ఆపి చూశాను. ఆయన ఒక సంగతి వేస్తే ఆవిడ దాన్నే ఇంకొంచెం సాగదీసి తిరిగి ఇస్తారు. సంసారం కూడా అలా సాగితే ఎంత బావుణ్ణు అనిపించింది, నవ్వకండి.

అసలు ఆడవాళ్ళ మేళం మన అమరావతికి కొత్తదేం కాదు. ఇక్కడి స్తూపం రాళ్ళ మీద చూడండి. రెండువేల ఏళ్ళనాటి పల్నాటి సున్నపురాయి. అంతఃపురంలో స్త్రీలు గుంపుగా కూర్చుని వాయిస్తూ, ఆడుతూ ఉంటారు. ఒకామె ఒళ్ళో విల్లులా వంగిన వీణ, ఇంకొకామె దగ్గర మద్దెల, మరొకామె పెదాల దగ్గర పిల్లనగ్రోవి. ఆ వంపు వీణ ఇప్పుడు మన కచేరీల్లో ఎక్కడా లేదు. రాళ్ళలో చాలా భాగం మద్రాసు మ్యూజియానికీ, 1859లో లండనుకూ తరలిపోయాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక గదే ఉంది వాటికి. లండనులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు మీకుంటే ఒకసారి వెళ్ళి మన ఊరి మేళాన్ని చూసి రమ్మనండి, అదేం దూరం కాదు వాళ్ళకు. మిగిలిన శిల్పాలు ఇక్కడి మ్యూజియంలో ఉన్నాయి. అమరేశ్వరుడి దర్శనానికి వచ్చినవాళ్ళు కృష్ణలో స్నానం చేసి, పులిహోర పొట్లం విప్పి తిని బస్సెక్కేస్తారు. అరగంట అటు కూడా కేటాయించండి.

ఎర్రకోటు బ్యాండు మేళం గురించి పెద్దగా రాయను. తెల్లవాళ్ళ పటాలం బ్యాండ్లను చూసి నేర్చింది. క్లారినెట్టు బాగా వాయించేవాడుంటే ఊరేగింపు ఇంకో వీధి తిరిగినా విసుగు రాదు. నాకు వాళ్ళకంటే, పక్కన పెట్రోమాక్సు లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడకూలీలు గుర్తుంటారు. ఆ వేడి, ఆ బరువు, పైగా పాట తమ కోసం కాదు.

ఇప్పుడు పెళ్ళి అంటే డీజే. ట్రాక్టరు నిండా పెట్టెలు. గుండె మీద సమ్మెట దెబ్బలు పడుతున్నట్టుంటుంది. వియ్యపురాలు ఏం అడిగిందో వినపడక తలూపి, తర్వాత తగువులు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు మోగించకూడదని 2000 సంవత్సరంలోనే నిబంధనలు వచ్చాయి. ఎవరు వింటున్నారు? మొన్నామధ్య మా బంధువుల పెళ్ళిలో ఒక పేరున్న మండపం వాళ్ళు, సన్నాయి మేళాన్ని చెప్పుల స్టాండు పక్కన కూర్చోబెట్టారు. భోజనాలు కూడా అందరూ అయ్యాక, చల్లారిన సాంబారుతో. తాళి కట్టే వేళకు మాత్రం "మేళం ఏదీ, మేళం ఏదీ" అని అరుపులు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. డీజేకు వేలకు వేలు ముందే ముట్టజెప్పి, సన్నాయి వాళ్ళ దగ్గర మాత్రం వందకీ రెండొందలకీ బేరమాడేది మనమే. మేళం డబ్బు మగవాళ్ళ లెక్కలో ఉంటుందంటారు, నిజమే. కానీ ఏ చీరకెంత, ఏ పిండివంటకెంత అని పద్దు రాసేది మనం. అందులో ఈ పద్దు కూడా మన చేతి మీదే రాయొచ్చు.

పెళ్ళి తలపెట్టిన సోదరీమణులు కొందరు వివరాలు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను. మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తమైతే కార్తీకంలోనే మేళానికి చెప్పుకోండి, మంచి ముహూర్తాలన్నీ అందరికీ ఒకటే కదా. ఖర్చు తగ్గించాలని ఒక సన్నాయి, ఒక డోలుతో సరిపెట్టకండి. రెండేసి ఉంటేనే ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు అందుకుంటారు. మండపంలో వాళ్ళకు పెళ్ళిపీటలు కనిపించేలా చోటివ్వండి. పురోహితుడి చెయ్యి కనపడాలి వాళ్ళకు. కడుపు నిండా తిని సన్నాయి ఊదడం కష్టం, ఖాళీ కడుపుతో అయితే ఇంకా కష్టం. అందుకని ముహూర్తానికి రెండు గంటల ముందు రెండిడ్లీలో, కాస్త ఉప్మానో, వేడి వేడి మిరియాల పాలో పంపించండి. ముహూర్తం కాగానే మొదటి బంతిలో విస్తరి వేయండి. చేతికి ఇచ్చే సొమ్ము తాంబూలంలో పెట్టి, పూర్తిగా, ఆ రోజే ఇవ్వండి.

లోపలి గదుల్లో మంచానికి అతుక్కుపోయిన ముసలివాళ్ళో, జరగని మనుషులో ఉంటే ఎలా అంటారా? ఒక కిటికీ తలుపు తీసి ఉంచండి. మూసే ఆచారాలు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ మనిషిని చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి తీసుకురండి. మా ఇంట్లో మా పెద్దమ్మాయి పెళ్ళికి నేను అదే చేశాను. అమ్మ మొదట రానంది. పీటల పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. గట్టిమేళం మోగేసరికి "అబ్బ, దగ్గర్నుంచి వింటే ఇంత పెద్దగా ఉంటుందా!" అని చెవులు మూసుకుంది.

సత్తెనపల్లి సోదరికి ఒక మాట. మీ అబ్బాయిని రాత్రి పదింటికి చప్పుడు తగ్గించమనండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఒక ఆదివారం మాత్రం ఆ పాటేదో మీకు కూడా వినిపించమనండి. తర్వాత మీరు వాడికి చినమౌలానా గారి కల్యాణి పెట్టండి. డ్రమ్ముల సంగతి తెలిసిన పిల్లవాడు కాబట్టి వెనక మోగే డోలు దగ్గర తప్పకుండా తల ఎత్తుతాడు.